అధికమాసంలో గాంధారం

మా పెద్దమావయ్య 2007లో, అధిక జ్యేష్ఠ శుద్ధ నవమి నాడు కాలం చేశాడు. రాజోలుకు దిగువన, వసిష్ఠ గోదావరి గట్టు కనబడేంత దూరంలో వాళ్ల ఇల్లు. పన్నెండో రోజు కార్యక్రమం ముగిసి, వచ్చినవాళ్లు ఒక్కొక్కరే బయలుదేరుతున్న వేళ పురోహితులుగారు మా బావను పిలిచి రాబోయే ఆబ్దికాల సంగతి వివరించారు. అధికమాసంలో పోయినవారికి మరుసటి ఏటినుంచి మామూలు జ్యేష్ఠంలోనే పెట్టాలి. మళ్లీ ఎప్పుడైనా అధిక జ్యేష్ఠమే తటస్థిస్తే ఆ ఏడు మాత్రం అందులో పెట్టాలి.

అంతవరకూ గోడకు ఆనుకుని కూర్చున్న అత్తయ్య తలెత్తింది. "మరి ఆయన పోయిన నెల మళ్లీ ఎప్పుడొస్తుందండీ?"

"అదే నెల కావాలంటే పందొమ్మిదేళ్లు పడుతుందమ్మా."

అత్తయ్య కాసేపు ఏమీ అనలేదు. తరువాత నావైపు తిరిగి, "ఒరేయ్, నువ్వు లెక్కలు చదువుకున్నావుగా, చూసి చెప్పు" అంది.

చూసి చెప్పాను. పురోహితులుగారి మాట తప్పు కాదు కాని పూర్తి కాదు. అధిక జ్యేష్ఠం 2018లో ఒకసారి, 2026లో ఒకసారి వస్తుంది. అంటే పదకొండేళ్లకు, పందొమ్మిదేళ్లకు. "పదకొండంటే ఫర్వాలేదు" అని అత్తయ్య లోపలికి వెళ్లిపోయింది. ఆ పదకొండూ, ఆ పందొమ్మిదీ మావయ్య హార్మోనియంలో కూడా ఉన్నాయని నాకు తెలియడానికి మరో పదేళ్లు పట్టింది. ఈలోగా నేను చేయకూడని పని ఒకటి చేశాను. అది తరువాత చెబుతాను.

మావయ్య ప్రాథమిక పాఠశాల ఉపాధ్యాయుడు. ఆయనకు రెండు వ్యసనాలు: పంచాంగం, హార్మోనియం. ఉగాది నాడు గుడిలో పంచాంగ శ్రవణం చేసేది ఆయనే; శివరాత్రికీ సంక్రాంతికీ పద్యనాటకం ఆడితే పక్కన హార్మోనియం ముందు కూర్చునేదీ ఆయనే. శంకరగుప్తం మాకు దూరం కాదు. 1930లో మంగళంపల్లి బాలమురళీకృష్ణ పుట్టిన ఊరది. ఆ పేరు రేడియోలో వినిపిస్తే మావయ్య కుర్చీలో కాస్త నిటారుగా కూర్చునేవాడు, తనకేదో బంధుత్వమున్నట్టు. డెబ్బైరెండు మేళకర్తలలోనూ ఆ మహానుభావుడు కృతులు రచించాడని చెబుతూ నాకు మేళకర్త చక్రాల పేర్లు నేర్పాడు. మొదటిది ఇందు చక్రం, ఎందుకంటే చంద్రుడు ఒక్కడే. రెండోది నేత్ర, మూడోది అగ్ని. అలా వేద, బాణ, ఋతు, ఋషి, వసు, బ్రహ్మ, దిశి, రుద్ర అని నడిచి పన్నెండోది ఆదిత్య చక్రం. "చంద్రుడితో మొదలై సూర్యుడితో ముగుస్తుందిరా, పంచాంగం లాగే" అనేవాడు. తిథి పెరిగితే అయిదు ఘడియలు, తరిగితే ఆరు ఘడియలు అని చెప్పే బాణవృద్ధి రసక్షయ సూత్రం కూడా ఆ అంకెల భాషలోనే ఆయన దగ్గర విన్నాను. చంద్రుడు భూమికి దగ్గరైనప్పుడు వేగంగానూ, దూరమైనప్పుడు నిదానంగానూ నడవడం వల్ల తిథుల నిడివి అలా మారుతుందని తరువాత పుస్తకాలలో చదివాను.

అధికమాసం లెక్క తెలిసినవాళ్లకు విసుగు కలగకుండా రెండు మాటలలో చెబుతాను. సూర్యుడు పన్నెండు రాశులూ చుట్టి రావడానికి 365.256 రోజులు. అమావాస్య నుంచి అమావాస్యకు సగటున 29.53 రోజులు, అటువంటివి పన్నెండు కలిపితే 354.37. ఏటా దాదాపు 10.9 రోజులు మిగిలిపోతాయి. ఆ మిగులు పోగై పోగై ఒక నెలంత అయ్యేసరికి, రెండు అమావాస్యల మధ్య సూర్య సంక్రమణమే లేని నెల ఒకటి వస్తుంది. అదే అధికమాసం. వేదాంగ జ్యోతిషం అయిదేళ్లకు రెండు అధికమాసాలని సరిపెట్టింది. అది కొంచెం ఎక్కువ. ఆర్యభటుడు 43,20,000 సంవత్సరాల మహాయుగానికి 15,93,336 అని చెప్పాడు. దీన్ని భాగించి చూస్తే పందొమ్మిదేళ్లకు ఏడుకు వెంట్రుకవాసి పైన తేలుతుంది. పందొమ్మిదేళ్లకు ఏడన్న లెక్కను క్రీ.పూ. 432లో ఏథెన్సులో మేటన్ చాటాడు. బాబిలోనియావాళ్లకూ అది తెలుసు.

ఇక సంగీతంలోని మిగులు. దీన్ని మావయ్య నాకు చెప్పలేదు, వినిపించాడు.

షడ్జం నుంచి శుద్ధమైన పంచమానికి నిష్పత్తి మూడుకు రెండు. ఆ పంచమాన్నే షడ్జం చేసుకుని మళ్లీ పంచమానికి, మళ్లీ దాని పంచమానికి పోతూ ఉంటే పన్నెండు అడుగులకు పన్నెండు స్వరస్థానాలూ తిరిగి, ఏడు స్థాయిల పైనున్న షడ్జానికి చేరుకోవాలి. చేరుకోము. ఏడు స్థాయిలంటే 128 రెట్లు; పన్నెండు పంచమాలంటే 129.75 రెట్లు. కొంచెం దాటిపోతాము. ఒక స్వరస్థానానికి నూరు సెంట్లు అనుకుంటే ఆ దాటిపోయినది 23.5 సెంట్లు. పన్నెండు నెలలు ఏడాదికి చాలకపోవడం, పన్నెండు పంచమాలు ఏడు స్థాయిలను మించిపోవడం, రెండూ మూతపడని వలయాలే.

మూతపడని వలయాన్ని ఏం చేయాలి? మిగులును అలాగే వదిలేయవచ్చు. హిజ్రీ పంచాంగం ఆ దారిన పోతుంది. అందుకే రంజాన్ ఏటా పదకొండు రోజులు ముందుకు జరుగుతూ, ముప్పై మూడేళ్లలో అన్ని ఋతువులనూ చుట్టి వస్తుంది. లేదా మిగులును పోగుచేసి ఒకచోట పెట్టవచ్చు. అది మన అధికమాసం. లేదా ఎవరికీ కనబడనంత పలచగా అందరికీ పంచేయవచ్చు. అది హార్మోనియం. అందులో పన్నెండు మెట్లూ సమానం. ప్రతి పంచమమూ రెండేసి సెంట్లు తక్కువ. ఎవరికీ అన్యాయం లేదు, ఎవరికీ పూర్తి న్యాయమూ లేదు. పంచమం వరకూ పరవాలేదు గాని గాంధారం దగ్గర ఆ సర్దుబాటు బాగా వినిపిస్తుంది. తంబురా మీటితే దానంతటదే లోపలినుంచి పలికే అంతర గాంధారం 386 సెంట్ల దగ్గర ఉంటుంది, అయిదుకు నాలుగు నిష్పత్తిలో. హార్మోనియం గాంధారం 400. ఆ పద్నాలుగు సెంట్ల తేడా మావయ్యను నిద్రపోనివ్వలేదు. వీణకైతే మెట్లు మైనం మీద ఉంటాయి, సర్దుకోవచ్చు, గమకమూ ఉంది. వసిష్ఠకు ఆవల పాలకొల్లులో పుట్టిన మాండొలిన్ శ్రీనివాస్ కదలని మెట్లమీదనే తీగను లాగి గమకం పలికించాడు. హార్మోనియానికి ఆ వెసులుబాటు లేదు. 1940 నుంచి 1971 దాకా ఆకాశవాణి దాన్ని గడప తొక్కనివ్వకపోవడానికి చెప్పిన కారణాలలో ఇదీ ఒకటి.

మావయ్య పెట్టె విప్పి, ఇత్తడి రీడును పలచని ఆకురాయితో గీకేవాడు. నాలుక కొనవైపు గీకితే శ్రుతి పెరుగుతుంది, మొదలువైపు గీకితే తగ్గుతుంది. షడ్జాన్నీ గాంధారాన్నీ కలిపి నొక్కి, తిత్తి మెల్లగా ఊదుతూ నన్ను చెవి ఒగ్గమనేవాడు. కలవని రెండు స్వరాల మధ్య ఒక కంపం లేచి పడుతూ ఉంటుంది. మామూలు హార్మోనియంలో మధ్యస్థాయి షడ్జ గాంధారాల మధ్య అది సెకనుకు పదిసార్లు. గీకే కొద్దీ అది నెమ్మదిస్తుంది. "అల లేస్తోంది, విను. ఇంకా లేస్తోంది. నెమ్మదించింది. ఇదిగో, పడింది" అనేవాడు. అల పడిన క్షణంలో రెండు స్వరాలూ ఒక్కటై, పెట్టెలో మూడో మనిషెవరో ఊపిరి తీసుకున్నట్టుండేది.

అల అన్న మాట ఆయనకు ఎక్కడినుంచి వచ్చిందో నాకు తెలుసు. సఖినేటిపల్లి నుంచి నరసాపురానికి పంటు మీద దాటేటప్పుడు పోటూ పాటూ చూసుకునే బయలుదేరేవాడు. పంటు రేవులో ఆయన చెప్పిన లెక్క ఇది: పోటు రోజూ ముప్పావుగంట పైచిలుకు ఆలస్యంగా వస్తుంది, అమావాస్యకూ పున్నమికీ బలుస్తుంది, అష్టములకు చిక్కుతుంది. అసలు కథ ఏమిటంటే, అక్కడ రెండు పోటులున్నాయి. చంద్రుడి పోటు 12 గంటల 25 నిమిషాలకొకసారి, సూర్యుడి పోటు సరిగ్గా 12 గంటలకొకసారి లేస్తాయి. దాదాపు కలిసీ కలవని రెండు శ్రుతులవి. స్వరాల లెక్కన చెప్పాలంటే వాటి మధ్య దూరం అరవై సెంట్లు. వాటి మధ్య లేచే కంపం 14.77 రోజులకొకటి. దాన్నే మనం అమావాస్య పోటు, పున్నమి పోటు అంటాము. చంద్రుడి కక్ష్య వృత్తం కాకపోవడం వల్ల 12 గంటల 39 నిమిషాల పోటు మరొకటి ఉంది. అది మొదటిదానితో కలిసి 27.55 రోజులకొక అల లేపుతుంది. చంద్రుడు భూమికి దగ్గరగా వచ్చి మళ్లీ దగ్గరగా రావడానికి పట్టే కాలమది. కెల్విన్ ప్రభువు ఈ శ్రుతులన్నింటినీ కప్పీలతో కలిపి పోటు చెప్పే యంత్రాన్ని తయారుచేయించాడు. మన రేవుల కోసమే ఎడ్వర్డ్ రాబర్ట్స్ 1879లో అటువంటి యంత్రాన్నొకదాన్ని రూపొందించాడు. హార్మోనియం రీడులో పదోవంతు సెకనులో వినబడేది, వసిష్ఠ గట్టున పదిహేను రోజుల పాటు కూర్చుంటే కంటికి కనబడుతుంది. అల పడేదాకా గీకడానికి అక్కడ ఆకురాయి లేదంతే.

సరే, నాటకం సంగతికి వస్తాను. మావయ్య ఒకటి శ్రుతికి గాంధారం, ధైవతం, నిషాదం మూడింటినీ తగ్గించుకున్నాడు. తగ్గించాక మోహనలో పద్యం ఎత్తుకుంటే చెవులు చల్లబడేవి. ఊళ్లో పాడేవాళ్లంతా ఒకటికే పాడేవారు కనుక ఇబ్బంది రాలేదు. 1984 శివరాత్రికి పక్క ఊరివాళ్లు ఆయనను పిలిచారు. అర్ధరాత్రి దాటాక వచ్చిన నటుడు రెండు శ్రుతిలో అందుకున్నాడు. రెండు శ్రుతి షడ్జానికి పంచమం ఏది? ఒకటి శ్రుతికి ధైవతమయ్యే ఆ మెట్టే. దాన్ని మావయ్య పదహారు సెంట్లు తగ్గించి ఉన్నాడు. రెండు సెంట్ల లోటును ఎవరూ పట్టించుకోరు. పద్దెనిమిది సెంట్ల లోటున్న పంచమం మీద నిలబడి రాగం తీయడం ఎవరికీ సాధ్యం కాదు. నటుడు నిలబడ్డాడు. పంచమం నిలబడలేదు. జనంలో ఎవరో "శ్రుతి చూసుకోవయ్యా" అని అరిచారు, మరెవరో ఈల వేశారు. మావయ్య పద్యం సగంలో తిత్తి వదిలేసి చేతులు ఒళ్లో పెట్టుకున్నాడు. నేను పక్కనే ఉన్నాను. ఆ చీకటి రాత్రి ఇద్దరం గట్టు వెంట నడిచి వస్తుంటే ఆయన ఒక్క మాట మాత్రం అన్నాడు: "ఎక్కడో ఒకచోట పెట్టాలిరా దాన్ని. నేను ధైవతం కింద పెట్టాను, అతగాడు దానిమీద కాలు వేశాడు."

ఆ తరువాత ఆయన బయటి నాటకాలకు వెళ్లలేదు. పెట్టెను మళ్లీ సమానంగా శ్రుతి చేయించమని ఎందరో చెప్పారు. చేయించలేదు. ఇంట్లో, తన కోసమే, ఒకటి శ్రుతిలోనే వాయించుకున్నాడు, ఇరవైమూడేళ్లు.

ఇప్పుడు నా పని. 2009లో అత్తయ్య ఆ పెట్టెను నాకు ఇచ్చింది. హైదరాబాదుకు తెచ్చుకున్నాను. రెండు రీడులు పలకడం లేదు, తిత్తి చిరిగింది. బాగుచేసే ఒకాయన దగ్గర ఇచ్చాను. ఆయన మంచి పనివాడు. విప్పి చూసి, "మూడు మెట్లు బాగా దిగిపోయాయి సార్, మీటరు పెట్టి అన్నీ సమం చేస్తాను" అన్నాడు. చేయమన్నాను. నాకు 1984 గుర్తులేక కాదు. గుర్తుంది. అయినా ఆ రోజు నా మనసులో మెదిలింది ఈలలే గాని గాంధారం కాదు. ఇన్నాళ్లకు మావయ్య పెట్టె నలుగురిలో వాయించదగినది అవుతోందని సంబరపడ్డాను కూడా. ఇంటికి తెచ్చి మెట్లు నొక్కితే ఏ శ్రుతికైనా పలికింది. షడ్జ గాంధారాలు కలిపి నొక్కితే సెకనుకు పది అలలు. పెట్టె అడుగున అతికించిన గుడ్డ ఊడివస్తే దాని వెనక మడతపెట్టిన కాగితం దొరికింది. మావయ్య దస్తూరీ: గ, ద, ని తగ్గించాను. ఒకటికి మాత్రమే.

చాలాకాలం ఆ పెట్టెను అటకమీదనే ఉంచాను.

2017లో అత్తయ్యకు మాట ఇచ్చిన 2018 తేదీలు చూడడానికి పాత పంచాంగాల మూట విప్పాను. పిడపర్తివారివీ మరికొందరివీ, మావయ్య కూడబెట్టినవి. పోయినచోటల్లా గణిత పట్టికలతో పూరించుకుంటూ అధికమాసాలు వచ్చిన సంవత్సరాలు ఒక వరసలో రాశాను: 1999 జ్యేష్ఠం, 2001 ఆశ్వయుజం, 2004 శ్రావణం, 2007 జ్యేష్ఠం, 2010 వైశాఖం, 2012 భాద్రపదం, 2015 ఆషాఢం, 2018 జ్యేష్ఠం, 2020 ఆశ్వయుజం, 2023 శ్రావణం, 2026 జ్యేష్ఠం, 2029 చైత్రం, 2031 భాద్రపదం. పక్కన తేడాలు వేశాను. అన్నీ మూళ్లూ రెళ్లే. 2012 నుంచి చూడండి: మూడు, మూడు, రెండు, మూడు, మూడు, మూడు, రెండు.

మూడును పెద్ద అడుగు అనీ రెండును చిన్న అడుగు అనీ చదివితే అది శంకరాభరణం. పెద్ద, పెద్ద, చిన్న, పెద్ద, పెద్ద, పెద్ద, చిన్న. హార్మోనియం మీద తెల్లమెట్ల వరస అది. ఆ రాత్రి నేను ఇంకేమీ చేయలేదు. అదే పట్టికను వేరే సంవత్సరాన్ని షడ్జం చేసుకుని చదివాను. సంగీతంలో దాన్ని గ్రహభేదం అంటారు. 2001 నుంచి మొదలుపెడితే కల్యాణి. 2004 నుంచి హరికాంభోజి. 2015 నుంచి ఖరహరప్రియ. 2018 నుంచి తోడి. 2010 నుంచి మొదలుపెడితే మాత్రం పంచమం రాదు. శంకరాభరణంలో నిషాదాన్ని షడ్జం చేస్తే మేళకర్త పుట్టదని మన విద్వాంసులు చెప్పేది ఇదే.

2007 నుంచి మొదలుపెడితే నటభైరవి. అందులో పదకొండో మెట్టు పంచమం, పందొమ్మిదో మెట్టు పైషడ్జం. మావయ్య పోయిన ఏడు షడ్జమైతే, మళ్లీ అధిక జ్యేష్ఠం వచ్చే 2018 పంచమం, 2026 పైషడ్జం. తంబురా తీగలు ఆ మూడే కదా.

ఇక్కడ ఆగి, ఇందులో నిజమెంత, నా మనసు కల్పించుకున్నదెంత అని నన్ను నేను ప్రశ్నించుకున్నాను. ఇటువంటి విషయాలలో మోసపోవడం చాలా తేలిక. హన్స్ కూస్టో అనే స్విట్జర్లాండు గణితజ్ఞుడు 1978లో ప్రారంభించిన లెక్క ఒకటుంది. అమావాస్య నుంచి అమావాస్యకు పట్టే కాలాన్ని సెకన్లలోకి మార్చి, తిరగేసి, ఇరవైతొమ్మిదిసార్లు రెట్టింపు చేస్తే 210.42 కంపనాలు వస్తాయి, అది చంద్రుడి శ్రుతి అని. ఆ శ్రుతికి చేసిన ఉక్కు కవ్వాలు కూడా అమ్ముతారు. రెట్టింపు ఎన్నిసార్లు చేయాలో మన ఇష్టమైనప్పుడు, ఏ కాలమైనా ఏదో ఒక శ్రుతిలో పడక తప్పదు. అందులో చంద్రుడి ప్రమేయం తక్కువ. కెప్లర్ అలా కాదు. 1619లో అచ్చయిన తన విశ్వసామరస్య గ్రంథంలో ఆయన వేగాల నిష్పత్తిని చూశాడు. చంద్రుడి అతి మందగమనానికీ అతి శీఘ్రగమనానికీ మధ్య నాలుగుకు మూడు, అంటే మన శుద్ధ మధ్యమం, కనబడిందని రాశాడు. అది కొలతకు దగ్గరగా ఉన్న మాట. ఐతే చంద్రుడు దాన్ని పాడుతున్నాడనడానికి ఆయన భక్తి తప్ప ఆధారం లేదు.

నా పట్టిక సంగతి వేరు. ఏడు వస్తువులను పందొమ్మిది గళ్లలో వీలైనంత సమంగా సర్దమంటే వచ్చే వరస అదొక్కటే. ఎక్కడ మొదలుపెట్టామన్నదే తేడా. యూదుల పంచాంగం పందొమ్మిదేళ్లలో 3, 6, 8, 11, 14, 17, 19వ ఏళ్లకు అధికమాసమని ముందే నియమం పెట్టుకుంది. అదీ ఇదే వరస. మనవాళ్లు ఏ నియమమూ పెట్టలేదు, సంక్రాంతిని చూసి నిర్ణయించారు. అయినా అదే వచ్చింది. ఏడు స్వరాలను పన్నెండు మెట్లలో సమంగా సర్దినా ఆకారం అదే. కాబట్టి ఆకారం యాదృచ్ఛికం కాదు. పందొమ్మిది అన్న అంకె రెండుచోట్లా పనికిరావడం మాత్రం యాదృచ్ఛికమే. స్థాయిని పందొమ్మిది సమభాగాలు చేస్తే పదకొండో భాగం పంచమానికి ఏడు సెంట్ల దూరంలో పడుతుంది. సాధారణ గాంధారం దాదాపు తేడాయే లేకుండా పలుకుతుంది. స్పెయిన్‌లో సాలినాస్ అనే అంధ విద్వాంసుడు 1577లోనే పందొమ్మిది మెట్ల శ్రుతి పద్ధతిని వర్ణించాడు. అది మన పన్నెండుకు పక్కన నడిచే మరో దారి. అందులో మావయ్య అంతర గాంధారం కూడా, ఇప్పటి హార్మోనియంలో కంటే, సగం దూరం దగ్గరకు వస్తుంది.

పందొమ్మిదేళ్ల వలయమైనా మూతపడుతుందా అంటే, పడదు. 235 చాంద్రమాసాలకూ పందొమ్మిది సౌరవర్షాలకూ సగటున నాలుగు గంటల పైచిలుకు తేడా ఉంది. పైన రాసిన పట్టికలోనే అది కనబడుతుంది. 2010లో వైశాఖం అధికమైతే, పందొమ్మిదేళ్ల తరువాత 2029లో చైత్రం అధికమైంది. అమావాస్య మేష సంక్రాంతికి కాస్త ముందు పడిందా వెనక పడిందా అన్నదే తేడా. పంచమం రానిది కూడా ఆ 2010 నుంచేనని గమనించి నవ్వుకున్నాను. అది ఒట్టి కాకతాళీయం, దాని జోలికి పోకండి. ఇంతకంటే విచిత్రాలున్నాయి. భూమి జనవరి మొదట్లో సూర్యుడికి దగ్గరగా ఉండి వేగంగా నడుస్తుంది కనుక ఆ రోజులలో సౌరమాసం చాంద్రమాసం కంటే పొట్టిది; అప్పుడు ఒకే చాంద్రమాసంలో రెండు సంక్రాంతులు ఇరుక్కుని ఒక నెల పేరే ఎగిరిపోవచ్చు. దుందుభి నామ సంవత్సరంలో, 1982-83లో, అలాగే జరిగింది. ఆశ్వయుజం అధికం, మాఘం క్షయం, మళ్లీ ఫాల్గుణం అధికం. ఆ ఉగాదికి మావయ్య గుడి అరుగు మీద కూర్చుని, "ఈ ఏడు చంద్రుడు రెండు ఇచ్చి ఒకటి పట్టుకుపోతాడు" అని చదివితే ఊరంతా నవ్వింది. తరువాతి క్షయమాసం 2123-24లో గాని లేదు.

2018 మే నెలలో సెలవు పెట్టి రాజోలు వెళ్లాను. పెట్టెను కూడా తీసుకువెళ్లాను. నవమి నాడు బావ అధిక జ్యేష్ఠంలో తండ్రికి ఆబ్దికం పెట్టాడు. భోజనాలయ్యాక, మధ్యాహ్నం అందరూ పడుకున్నాక, వసారాలో పెట్టె విప్పాను. మావయ్య ఆకురాయి తుప్పుపట్టింది, కొత్తది కొనుక్కొచ్చాను. ఒకసారి గీకిన రీడును మళ్లీ గీకితే నాలుక పలచబడుతుంది, మరీ పలచబడితే విరుగుతుంది. ఆ మాట తెలిసీ గాంధారం రీడు మొదలు దగ్గర రెండు గీతలు గీకాను. బిగించి, షడ్జంతో కలిపి నొక్కాను. అల లేస్తోంది. మళ్లీ విప్పి, ఒక గీత. మళ్లీ బిగించి నొక్కాను. నెమ్మదించింది. ఇలా ఎన్నిసార్లు చేశానో లెక్కపెట్టలేదు. చెమటకు వేళ్లు జారుతున్నాయి, నా చెవిమీద నాకు నమ్మకం పోయింది. అది పడిందో, పడినట్టు నేను అనుకుంటున్నానో తెలియడం లేదు.

లోపల గదిలోనుంచి అత్తయ్య గొంతు వినిపించింది. నిద్రపోతోందనుకున్నాను.

"ఇంకొంచెం తగ్గాలిరా."

ఒక గీత గీకి, బిగించి, నొక్కాను.

"ఆఁ, చాలు. ఇక ముట్టుకోకు."

ధైవతం వైపు ఆకురాయి పెట్టి మళ్లీ తీసేశాను. ఎవరైనా వచ్చి రెండుకు పాడితే పాడనీ అనుకున్నాను. మావయ్య కాగితాన్ని గుడ్డ వెనక ఎప్పటిలా మడిచి పెట్టి, దాని వెనకవైపు పెన్సిలుతో ఒక ముక్క రాశాను: 2018 అధిక జ్యేష్ఠం. గ మాత్రం తగ్గించాను.

"మళ్లీ ఎప్పుడన్నావు?" అంది అత్తయ్య లోపలినుంచే.

"2026లో, అత్తయ్యా. మే 17న మొదలవుతుంది."

"సరే, ఒకసారి ఒకటికి వాయించు. నెమ్మదిగా. పిల్లలు పడుకున్నారు."